తాళంచెవి ఎవరిచ్చారు?

సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి. గోడపత్రికకి ఆరోగ్యం మీద ఏదైనా రాయమని పదో తరగతి పిల్లలు అడిగారు. గజ్జి గురించీ మలేరియా గురించీ చెప్పిందే చెప్పాను గనక ఈసారి మోటారు సైకిళ్ళ గురించి రాస్తున్నాను. ఈ హాస్టలుకి రాకముందు ఏజెన్సీలోనే ఒక ఆసుపత్రిలో, దెబ్బలు తగిలి వచ్చేవాళ్ళ వార్డులో పనిచేశాను.

సంత రోజు, పండగ రోజు రాత్రి డ్యూటీ అంటే మాకు గుండెల్లో రాయి పడేది. వచ్చేవాళ్ళు మీ అన్నల వయసువాళ్ళే. పెట్రోలు మిగులుతుందని ఘాట్ రోడ్డు దిగుడులో ఇంజను ఆపేస్తారు. అప్పుడు ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకు మీదే పడుతుంది, అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. తోలినవాడు చెయ్యి విరిగి బతికి, వెనక కూచున్న చెల్లెలు పోయిన కేసులు చూశాను. ఆ పిల్ల స్పీడుగా పొమ్మని అడగలేదు.

బయట బెంచీ మీద పెద్దవాళ్ళు "దాని రాత" అంటారు. నేను ఒప్పుకోను. 15 ఏళ్ళవాడి చేతికి తాళంచెవి ఇచ్చిన మనిషి ఒకడున్నాడు కదా! గేరు బండి తోలాలంటే 18 ఏళ్ళు నిండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 2019 సవరణ ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ కుర్రాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో సుమారు 75 వేల మంది టూవీలర్ల మీద వెళ్ళినవాళ్ళే. ఇంతమంది రాతా ఒక్కలాగే ఉందా? (ముందు చక్రం పైకి లేపితే చప్పట్లు కొట్టేది కూడా మీరే, మర్చిపోకండి.)

తలకి దెబ్బ తగిలినవాడు ఒక్కోసారి లేచి కూచుని బాగానే మాట్లాడతాడు. ఏం కాలేదని ఇంటికి తీసుకుపోతారు. లోపల పుర్రె ఎముక కింద నెత్తురు చేరుతూ ఉంటుంది. కొన్ని గంటలకి వాంతి, మత్తు. అప్పటికి ఆలస్యమైపోతుంది. తొడ ఎముక విరిగినా అంతే, పైకి చుక్క కనపడదు గాని లోపల లీటరు పైగా పోతుంది. కాళ్ళూ చేతులూ పట్టి బండి మీద మధ్యలో కుదేసి తేవద్దు, మెడ కదిలితే ఇంకా ప్రమాదం. 108కి ఫోను చెయ్యండి.

వార్డెన్ గార్లకి ఒక మనవి. సెలవులకి పంపేటప్పుడు ఎవరు తీసుకెళ్ళారో రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటాం. ఏ బండి మీదో, తోలేవాడికి లైసెన్సు ఉందో లేదో చూడం. వెనక ఒక్కరే కూచోవాలని చట్టం. ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకున్నా, తాగి వచ్చినా, మేనమామ అయినా సరే పంపొద్దు. పిల్లలు ఏడిస్తే ఆ పూటకి ఏడవనివ్వండి. బస్సున్న ఊళ్ళవాళ్ళని మనమే బస్సెక్కిద్దాం. బస్సు లేని ఊళ్ళ సంగతి ఏమిటంటారా? అది సెలవులకి ముందే తల్లిదండ్రుల మీటింగులో పెట్టి తేల్చాలని కోరుతున్నాను.

– మీ నర్సమ్మ