పోచమ్మ పాతదైతే లక్ష్మి కొత్తదెట్లా?

ఈరోజు పురుగుమందుల గురించి, రేట్ల గురించి రాయట్లేదు. ఆడపిల్లల పేర్ల గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. కోపం వస్తే తిట్టండి, కానీ పూర్తిగా చదివాక తిట్టండి.

ఇంట్లో ఆడపిల్ల పుట్టగానే ఒక మాట వినబడుతుంది. "నాయనమ్మ పేరా? అబ్బే, పాత పేరు. ఇప్పుడెవరు పెడుతున్నారు?" ఇక అందరూ ఫోన్లు తీసి వెతుకుడు మొదలుపెడతారు.

నేనడిగేది ఒక్కటే. ఎన్నేళ్లయితే పేరు పాతబడుతుంది? సీత, లక్ష్మి, గౌరి పురాణాల నాటి పేర్లు. వాటినెవరూ పాతవనరు. పోచమ్మ, ఎల్లమ్మ, అంకమ్మ అంటే మాత్రం ముఖం చిట్లిస్తాం. బంగారమ్మ పాతదట, హిరణ్య కొత్తదట. రెండిటికీ అర్థం బంగారమే. భూలక్ష్మి పాతదట, అవని కొత్తదట. రెండూ మనం దున్నే నేలే. అంటే ఇక్కడ లెక్క వయసుది కాదన్నా. నాట్లు వేసే ఆడమనిషికి, కలుపు తీసే ఆడమనిషికి ఉండే పేరు కాబట్టి మనకది పాతదైంది. టౌనోళ్లు నవ్వకముందే మన పేరు చూసి మనమే నవ్వుకుంటున్నాం.

నిజంగా తొందరగా పాతబడేవి ఏవో చూడండి. సుజాత, సునీత, సరిత, కవిత ఒకప్పుడు మహా మోడరన్ పేర్లు. ఆ తర్వాత స్వప్న, శిరీష, మౌనిక, లావణ్య వచ్చాయి. ఇప్పుడు పేరు వింటే చాలు, ఆ అమ్మాయి వయసు అటూ ఇటుగా చెప్పేయొచ్చు. ఈరోజు ఆద్య, శాన్వి, ఆరాధ్య అంటున్నాం. ముప్పై ఏళ్లు పోతే వీటినీ అట్లాగే అంటారు. ఆ పేర్లు చెడ్డవని కాదు. కొత్తదనం కోసమే పెట్టిన పేరుకు ఆ కొత్తదనం పోయాక ఏం మిగులుతుందో ఆలోచించమంటున్నా.

మనకు విత్తనం సంగతి తెలుసు. ఏటా రంగురంగుల ప్యాకెట్లలో కొత్త పేర్లు వస్తాయి, రెండు మూడు సీజన్లకు కనబడకుండా పోతాయి. 1982లో మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఇంకా పొలాల్లో ఉన్నాయి. పాతవని ఎవరన్నా పారేశారా? మన నేలకు సరిపోయాయి, తినేవాళ్లకు నచ్చాయి, నిలబడ్డాయి. ప్యాకెట్ చూసి విత్తనం కొనొద్దని ఎదుటోడికి చెప్పే మనం, మనవరాలి పేరు దగ్గర ప్యాకెట్టే చూస్తున్నాం.

ఇంకో సంగతి. మన అమ్మల పేర్లలో ఊరి అడ్రసు ఉంటుంది. పైడితల్లి అంటే విజయనగరం వైపు. నూకరత్నం అంటే అనకాపల్లి నూకాలమ్మ. తిరుపతమ్మ అంటే పెనుగంచిప్రోలు, కోటేశ్వరమ్మ అంటే కోటప్పకొండ. వెంగమ్మ నర్రవాడ, ఓబులమ్మ అహోబిలం. యాదమ్మ యాదగిరిగుట్ట, కొమురవ్వ కొమురవెల్లి, రాజవ్వ వేములవాడ, సమ్మక్క మేడారం. పేరు వింటే ఆ ఇల్లు ఏ దేవుణ్ణి, ఏ తల్లిని మొక్కుకుందో తెలిసేది. ఇప్పటి పేరు విని ఆ పిల్లది ఏ జిల్లానో, ఏ రాష్ట్రమో చెప్పండి చూద్దాం.

పాలకుర్తిలో తన పంట జోలికొచ్చిన విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఆవిడ పేరు ఐలమ్మ. 2024లో హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన దొక్కా సీతమ్మ పేరు అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు. యూనివర్సిటీ గేటు మీద పనికొచ్చిన పేరు మన ఇంటి ఉయ్యాలకు పనికిరాదా?

"బడిలో తోటి పిల్లలు ఏడిపిస్తారన్నా" అంటారు. ఏడిపిస్తారు, కాదనను. ఆ పిల్లలకు ఆ పేరు చూసి నవ్వడం నేర్పిందెవరు? మనమే. ఊళ్లో నలుగురు ధైర్యం చేసి పెడితే ఐదో పిల్లను ఎవడూ ఏడిపించడు.

పాతదంతా మంచిదని కూడా నేననను. వరసగా బిడ్డలు పోతుంటే, దిష్టి తగలకూడదని పుట్టినదాన్ని పెంటకుప్ప మీద ఒకసారి పెట్టి తీసి పెంటమ్మ అన్నారు. బిడ్డ బతకాలన్న ఆశే అది, కానీ ఈరోజు ఆ పేరు మోయాల్సిన పనిలేదు. మహారాష్ట్రలో ఆడపిల్ల వద్దనుకుని "నకుసా" అని పేరు పెట్టేవాళ్లు. అక్కర్లేనిదని అర్థం. 2011లో సతారా జిల్లాలో అట్లాంటి 200 మందికి పైగా అమ్మాయిలకు అధికారులే కొత్త పేర్లు పెట్టించారు. మంచి పని. పిల్లను తక్కువ చేసే పేరు ఏ కాలందైనా వద్దు. పిల్లకు బలమిచ్చే పేరు ఏ కాలందైనా పెట్టుకోండి.

పెట్టేముందు మూడు చూసుకోండి. ఇంట్లో ముసలమ్మ నోరు తిరిగి పిలవగలదా? న్యూమరాలజీ అని లేని అక్షరాలు ఇరికించకుండా, ఆధార్‌లో, బ్యాంకులో, బడి రికార్డులో ఒకేలా రాయించగలమా? అక్షరం తేడాకు ఖాతాలో డబ్బు పడక మీసేవ చుట్టూ తిరిగిన మనకు ఆ బాధ తెలుసు. మూడోది, అరవై ఏళ్లప్పుడు కూడా ఆ పేరు ఆమెకు నప్పుతుందా?

చివరి మాట. మగపిల్లాడికి తాత పేరు ఏదో ఒక రూపంలో తగిలిస్తాం. వాడు పొలం నిలబెడతాడని నమ్మకం. ఆడపిల్ల ఎలాగూ ఇంకో ఇంటికి పోయేదే కదా అని నాయనమ్మ పేరు అక్కడితో ఆపేస్తాం. పాత పేరా కొత్త పేరా అని నెలంతా వాదించుకుంటాం గానీ, రేపు ఆ పేరు పాసుబుక్కులో ఎక్కిద్దామా అని ఒక్క పూట మాట్లాడుకోం. అవని అని పెట్టి సెంటు భూమి ఇవ్వకపోతే ఆ పేరుకు అర్థమేముంది?

మీ అమ్మ పేరు, నాయనమ్మ పేరు, అమ్మమ్మ పేరు కింద రాయండి. ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియకపోతే, ఇంట్లో పెద్దోళ్లు ఉన్నప్పుడే అడిగి తెలుసుకోండి.