శ్రీహరికోట - భౌగోళికం, ఆర్థిక వ్యవస్థ

శ్రీహరికోట ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, తిరుపతి జిల్లాకు చెందిన ఒక పెద్ద తీర ద్వీపం. ఇస్రో వారి సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం (షార్) ఇక్కడ ఉన్నది. 2022 ఏప్రిల్ వరకు ఈ ద్వీపం నెల్లూరు జిల్లాలో ఉండేది. సముద్రం లేని కర్నూలు, కడప జిల్లాలతో పాటు తిరుపతి జిల్లాను కూడా రాయలసీమలో లెక్కిస్తారు గనుక, ఆ పునర్విభజనతో సీమకు తీరం లభించినట్లయింది. అయితే తీరం ఉన్నంత మాత్రాన తీరప్రాంతపు ఆర్థిక వ్యవస్థ ఏర్పడదని శ్రీహరికోట తెలుపుతున్నది.

భౌగోళికం

ఈ ద్వీపం చెన్నైకి ఉత్తరంగా సుమారు 80 కి.మీ. దూరంలో, తూర్పున బంగాళాఖాతానికి, పడమట పులికాట్ సరస్సుకు నడుమ ఉన్నది. సరస్సు మీదుగా వేసిన రోడ్డు దీనిని సూళ్ళూరుపేటతో కలుపుతున్నది. కాళంగి, ఆరణి నదులు సరస్సులో కలుస్తాయి. సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి.

అంతరిక్ష కేంద్రం

పూర్వం ఇక్కడి యానాదులు అడవి ఉత్పత్తుల సేకరణ, చేపల వేటలతో జీవించేవారు. ద్వీపంలోని వంటచెరకు మద్రాసు నగరానికి వెళ్ళేది. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ స్థలాన్ని ఎంపిక చేశారు. తూర్పున విశాలమైన సముద్రం ఉండటం, తూర్పు దిశగా ప్రయోగించిన రాకెట్‌కు భూభ్రమణ వేగం కలిసిరావడం, జనసాంద్రత తక్కువగా ఉండటం ఇందుకు కారణాలు. దక్షిణ కొరియా నారో అంతరిక్ష కేంద్రం కూడా ఒక తీర ద్వీపంలోనే ఉన్నది. 1971 అక్టోబరు 9న ఇక్కడి నుండి మొదటి రోహిణి రాకెట్‌ను ప్రయోగించారు. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. 2025 జనవరి 29న వందవ ప్రయోగం జరిగింది.

స్థానిక జీవనం

షార్ రక్షిత ప్రాంతం కావడంతో ద్వీపంలో స్వేచ్ఛగా వ్యాపారానికి, పర్యాటకానికి అవకాశం లేదు. దాని వల్ల కలిగే వ్యాపారం ఎక్కువగా సూళ్ళూరుపేటకు చేరుతున్నది. సరస్సు ఒడ్డు గ్రామాలకు మాత్రం చేపలు, రొయ్యలే ఆధారం. ముఖద్వారాలు పూడినప్పుడు సముద్రపు నీటితో పాటు చేపపిల్లల రాక తగ్గి వేట దెబ్బతింటుంది. ప్రయోగ సమయాలలో సముద్రంలో వేటకు కూడా ఆంక్షలుంటాయి.

భవిష్యత్తు

2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రూ.3,984.86 కోట్లతో మూడవ ప్రయోగ వేదికకు ఆమోదం తెలిపింది. మరోవైపు, ధ్రువ కక్ష్యలకు వెళ్ళే రాకెట్లు శ్రీలంకను తప్పించుకొనుటకు దారి మళ్ళవలసి వస్తున్నందున, చిన్న రాకెట్ల కొరకు తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండవ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. పెద్ద రాకెట్లకు శ్రీహరికోట ప్రాధాన్యం తగ్గదు. కాని సరస్సు ముఖద్వారాల పూడికతీత క్రమం తప్పక జరిగితేనే ఒడ్డు గ్రామాల వేట నిలుస్తుంది. కొత్త వేదిక ఒక్కటే ఆ పని చేయలేదు.