పానా ఎవరి చేతిలో?

అయిదేళ్ళ క్రితం ఒక మెకానిక్ షెడ్డు ముందు కారాపి, ఇంజను వణుకుతోందనీ, ఎత్తు ఎక్కేటప్పుడు బలం చాలటం లేదనీ చెప్పాను. అతను అంతా విని, నా పక్కన నిలబడ్డ మా తమ్ముడి వైపు తిరిగి "ప్లగ్గులు, వైర్లు మార్చాలి సార్" అన్నాడు. మా తమ్ముడికి కారు నడపటం రాదు. ఆ కారు కొన్నదీ, నడుపుతున్నదీ నేనే. సాయంత్రం బిల్లు మాత్రం నా చేతికే వచ్చింది. తీసేసిన పాత ప్లగ్గులు చూపించమంటే, "అవి మీకెందుకు మేడం" అన్నాడు.

'మీకెందుకు' అనే మాట మనకి కొత్త కాదు. పొలం పాసుపుస్తకంలో ఎవరి పేరుందని అడిగిన కోడలూ, గర్భసంచి ఎందుకు తీసేశారని అడిగిన రోగీ, అప్పు కాగితం మీద ఏం రాసుందని అడిగిన భార్యా వినే మాట అదే. డబ్బు కట్టేటప్పుడు, సంతకం పెట్టేటప్పుడు స్త్రీ కావాలి. తెలుసుకునేటప్పుడు మాత్రం అక్కర్లేదు.

పోయిన నెల మళ్ళీ అదే వణుకు మొదలైంది. ఈసారి కారుతో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని, ఇంటి వాకిట్లో ఆ పని నేనే చేశాను. ఇంతకాలం మనకి అర్థం కాదని చెప్పిన విషయం ఇది: బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులని ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకి పెంచుతుంది. ఆ విద్యుత్తు మందపాటి తొడుగున్న తీగల గుండా ప్లగ్గు దాకా వెళ్ళి, దాని కొసన ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండే సందులో నిప్పురవ్వగా దూకుతుంది. ఆ రవ్వ పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమాన్ని మండిస్తుంది. కొస అరిగి సందు పెరిగినా, తీగ తొడుగు పగిలినా రవ్వ సరిగ్గా పడదు. అదే ఆ వణుకు.

పని కూడా అంతే సూటిగా ఉంటుంది. ఇంజను పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసెయ్యాలి. ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్ము ఊదెయ్యాలి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. తీగని మధ్యలో పట్టుకుని లాగకుండా, చివరనున్న రబ్బరు టోపీ పట్టుకుని తియ్యాలి. అన్ని తీగలూ ఒకేసారి పీకేస్తే ఏది ఎక్కడిదో తారుమారవుతుంది కాబట్టి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవాలి. కొత్త ప్లగ్గుని ముందు చేత్తోనే తిప్పి మర పట్టించి, ఆఖర్న మాత్రమే పానా వాడాలి. ఇక్కడ బలం చూపిస్తే అల్యూమినియం మర చెడిపోతుంది. మగవాడి కండబలం కావాలని చెప్పే ఈ పనిలో నిజానికి పనికొచ్చేది ఓపిక.

నా కారుకి మూడే సిలిండర్లు. గంటన్నర పట్టింది. తీసిన ప్లగ్గుల్లో రెండింటి కొసలు లేత గోధుమ రంగులో ఉన్నాయి, అంటే అక్కడ మంట సరిగ్గానే ఉంది. మూడోది పొడిమసితో నల్లగా ఉంది. దాని తీగ తొడుగు పగిలింది. అయిదేళ్ళ క్రితం నాకు చూపించకుండా పారేసింది ఈ సాక్ష్యాన్నే.

యంత్రం స్త్రీకి ఎప్పుడూ పరాయిది కాదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి కారులో వెళ్ళింది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగ తొడుగు అరిగిపోతే తన మేజోడు పట్టీ చుట్టింది. ఆ కారు తయారీకి ఆమె కట్నం డబ్బు కూడా తోడ్పడింది. 1886 నాటి పేటెంటు మాత్రం భర్త పేరు మీదే ఉంది.

మన దగ్గర ఈ దూరాన్ని చట్టమూ కాపాడింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్, కదిలే యంత్ర భాగాలని శుభ్రం చెయ్యటం, వాటికి నూనె వెయ్యటం, వాటిని సరిచెయ్యటం వంటి పనుల నుంచి స్త్రీలనీ, పిల్లలనీ ఒకే గాటన కట్టి తప్పించింది. ప్రమాదం ఉంటే అది అందరికీ ప్రమాదమే. ప్రమాదాన్ని తగ్గించే బదులు స్త్రీని తప్పించటాన్ని రక్షణ అన్నారు. సినీ పరిశ్రమలో మేకప్ కళాకారులుగా స్త్రీలకి సభ్యత్వం ఇవ్వని యూనియన్ నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 2014లో చెప్పాల్సి వచ్చింది. వృత్తి సంఘాల తలుపులు ఎంత గట్టిగా మూసుకుని ఉంటాయో ఆ కేసు చూపించింది.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. కారున్న స్త్రీ ప్లగ్గు మార్చుకోవటం విప్లవం కాదు. షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళలో చాలామంది పేద దళిత, బీసీ, ముస్లిం కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. చదువు మానేసి, తిట్లు తిని ఈ విద్య నేర్చుకున్నారు. వాళ్ళ కూలి ఎగ్గొట్టటం మన ఉద్దేశం కాదు. వంట, బట్టలు, పిల్లలతో పాటు కారు మరమ్మత్తు కూడా స్త్రీ నెత్తిన పెట్టాలనీ కాదు. చెయ్యాల్సిన బాధ్యత వేరు, తెలుసుకునే హక్కు వేరు. మనం అడుగుతున్నది రెండోది.

ఆ హక్కు ఏం చెయ్యగలదో బాందా జిల్లా చూపించింది. ఉత్తరప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1990ల మొదట్లో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద, చదువు రాని స్త్రీలు, వారిలో ఎక్కువమంది దళితులు, చేతిపంపుల మరమ్మత్తు నేర్చుకున్నారు. నీళ్ళు మోసే పని తరతరాలుగా వాళ్ళదే. పంపు విప్పే పని మాత్రం అప్పుడే చేతికొచ్చింది. పానా పట్టాక వాళ్ళు అడిగింది అక్షరాన్ని. ఒక జ్ఞానం ఇంకో జ్ఞానానికి దారి తీస్తుంది.

కాబట్టి మోటారు మెకానిక్ కోర్సుల్లో అమ్మాయిలకి సీట్లు ఉంటే చాలదు. శిక్షణకి తీసుకునే వర్క్‌షాపులు కావాలి. అక్కడ మరుగుదొడ్డి, వేధింపుల మీద ఫిర్యాదు చేసే వీలు కావాలి. బడిలో అబ్బాయిలకి కుట్టుపని, అమ్మాయిలకి పానా నేర్పటం ఏ ప్రభుత్వానికీ భారం కాదు.

అంతవరకూ మనం చెయ్యగలిగిన చిన్న పని ఒకటుంది. ఈసారి బండి బాగుచేయించుకున్నప్పుడు డబ్బులిచ్చే ముందు పాత సామాను అడుగుదాం. "మీకెందుకు" అంటే, "నాది కాబట్టి" అని చెబుదాం.