మామయ్య ఉత్తరం: టీచరమ్మ సైకిలు సంచి

పిల్లలూ!

పోయిన కార్తీకమాసంలో నాకొక ఉత్తరం వచ్చింది. నెల్లూరు జిల్లా అనంతసాగరంలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. పెన్నానది మీద సోమశిల జలాశయం ఉన్నది చూశారూ, అది ఆ మండలంలోదే. అక్కడ ఎండాకాలం ఎండలు మండిపోతాయి. వానలు మాత్రం ఎక్కువగా ఆశ్వయుజ, కార్తీక మాసాలలో, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉన్నది.

ఉత్తరం ఇది:

"మామయ్యగారూ! మా అక్కకు కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. బడి మా ఊరికి 6 కిలోమీటర్లు. రోజూ సైకిలు మీద పోయి వస్తుంది. పోయిన వారం పిల్లల పరీక్ష కాగితాలు గుడ్డసంచిలో పెట్టి, హ్యాండిలుకు తగిలించుకుని వస్తుంటే దారిలో వాన పట్టుకున్నది. ఇంటికి వచ్చి చూస్తే కాగితాలన్నీ ముద్దయినాయి. అందులో ఒక పిల్లవాడి కాగితం ఉన్నది. వాడికి లెక్కలు రావని బడిలో అందరూ అంటారట. ఈసారి పది లెక్కలూ చేశాడు. అక్క అక్కడే ఒకసారి చూసి సంతోషపడిందట. ఇప్పుడు ఆ కాగితం మీద నీలం మరక తప్ప ఏమీ లేదు. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు.

మా నాయన 'టీచరమ్మ అన్నాక గుడ్డసంచి ఏమిటి? మంచి తోలుబ్యాగు కొందాం' అన్నాడు. దానికోసం మేకపిల్లను అమ్ముతాడట. అది నేను పెంచిన పిల్ల. అక్క వద్దంటున్నది గాని, తోటి టీచర్ల ముందు ఆ గుడ్డసంచి పట్టుకుపోవాలంటే అక్కకీ సిగ్గుగానే ఉన్నది. సైకిలు మీద పోయేవాళ్లకు ఏ సంచి మంచిది? త్వరగా చెప్పండి."

చూశారా! అడిగింది సంచి గురించే. కాని దాని వెనక ఒక పిల్లవాడి పది లెక్కలూ, ఒక మేకపిల్లా, ఒక టీచరమ్మ మర్యాదా ఉన్నాయి. అందుకని నేను పత్రికలో అచ్చయ్యేదాకా ఆగకుండా వెంటనే జాబు రాశాను.

"అమ్మాయీ! మీ నాయన మాటలో తప్పేమీ లేదు. ఉద్యోగానికి పోయే మనిషి చేతిలో సంచి శుభ్రంగా, పొందికగా ఉండాలి. అయితే సంచి కొనేవాళ్లు ముందు అంగడికి పోకూడదు, తక్కెడ దగ్గరికి పోవాలి. అక్క రోజూ ఏమేమి తీసుకుపోతుందో అన్నీ తూకం వేయించి నాకు రాయి" అన్నాను.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. నోటుపుస్తకాలు మూడున్నర కిలోలు, అన్నం క్యారియరూ నీళ్ల సీసా కలిసి ఒకటిన్నర కిలోలు. మొత్తం 5 కిలోలు!

ఇక మొదటి ప్రశ్న: ఈ 5 కిలోలు సైకిలు మీద ఎక్కడ ఉండాలి?

హ్యాండిలుకు తగిలిస్తే ఏమవుతుంది? బరువు ఒక పక్కకు లాగుతుంది. ముందు చక్రం ఆ పక్కకే తిరగాలని చూస్తుంది. పైగా సంచి గడియారం లోలకం లాగా ఊగుతుంది. ఊగి ఊగి చక్రం పుల్లలలో పడితే సైకిలు టక్కున ఆగిపోతుంది, మనిషి మాత్రం ఆగడు! కనుక హ్యాండిలు పనికిరాదు.

వీపుకు తగిలించుకుంటే? చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, నిజమే. కాని ఎండలో మన ఒంటిని చల్లబరిచేది చెమట. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీల వేడి కావాలి. ఆ వేడిని అది ఒంటి నుంచే తీసుకుంటుంది. అందుకే చెమట పట్టినప్పుడు గాలి వీస్తే హాయిగా ఉంటుంది. వీపు మీద సంచి అతుక్కుని ఉంటే గాలి ఆడదు, చెమట ఆవిరి కాదు. కారిపోయి రవికె తడుస్తుందే తప్ప ఒళ్లు చల్లబడదు. టీచరమ్మ బడికి చేరేసరికి వీపంతా తడిసి ఉంటే, సంచి ఎంత అందంగా ఉండి ఏం లాభం?

ఇంకొక సంగతి కూడా ఉన్నది. దీన్ని మీరే చేసి చూడవచ్చు. ఒక పొడుగాటి డబ్బాలో అడుగున రాళ్లు పోసి, పైన కాగితాలు కుక్కండి. మెల్లగా ఒక పక్కకు వంచండి. చాలా దూరం వంచినా పడదు, వదిలితే మళ్లీ నిలబడుతుంది. ఇప్పుడు కాగితాలు అడుగున పెట్టి రాళ్లు పైన పోయండి. కాస్త వంచగానే పడిపోతుంది. వస్తువు బరువంతా ఒకచోట చేరినట్టుగా లెక్కకట్టే చోటును గరిమనాభి అంటారు. అది ఎంత కిందికి ఉంటే వస్తువు నిలకడ అంత ఎక్కువ. బరువు వీపు మీద ఉంటే గరిమనాభి పైకి పోతుంది. సైకిలు ఆపినప్పుడూ, మెల్లగా నడిపినప్పుడూ తూలకుండా పట్టుకోవడం కష్టమవుతుంది. బరువు చక్రం పక్కకు దిగితే ఆ బాధ తగ్గుతుంది.

ఇది కొత్త ఉపాయం కాదు. రోడ్లూ రైళ్లూ లేని రోజులలో లంబాడీలు ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద మోయించేవారు. ఎద్దు వీపుకు రెండు పక్కలా వేలాడే ఆ సంచిని పెరికె అన్నారు. సైకిలు వెనక క్యారియరుకు పక్కగా తగిలించే సంచి పెరికెకు మనమరాలే అన్నమాట!

"ఒక పక్కే సంచి ఉంటే సైకిలు పక్కకు ఒరగదా?" అని మీలో తెలివైనవాళ్లు అడుగుతారు. లెక్క వేద్దాం. మనిషీ సైకిలూ కలిసి 70 కిలోలు అనుకోండి. 5 కిలోల సంచి మధ్యగీతకు 20 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతున్నది. 5ను 20తో గుణిస్తే 100. దాన్ని మొత్తం బరువు 75తో భాగిస్తే సుమారు 1.3 వస్తుంది. అంటే గరిమనాభి ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువగా పక్కకు జరుగుతుంది, అంతే! తొక్కేవాళ్లు తమకు తెలియకుండానే దాన్ని సరిచేసుకుంటారు.

ఏ పక్కన తగిలించాలి? ఎడమ పక్కనే. ఎందుకంటే గొలుసు కుడి పక్క ఉంటుంది, దాని నూనె మరకలు సంచికి అంటవు. మన దేశంలో ఎడమ పక్కగా పోతాము కనుక, దాటిపోయే లారీలూ బస్సులూ కుడి నుంచి వస్తాయి, సంచికి తగలవు. తొక్కేటప్పుడు మడమ తగలకుండా సంచిని కాస్త వెనకకు జరపాలి. చక్రం పక్కన జాలీ తప్పకుండా ఉండాలి.

రెండో ప్రశ్న: సంచి దేనితో ఉండాలి? తోలు అందమైనదే. కాని వానలో నానితే బరువెక్కుతుంది, త్వరగా ఆరదు, సరిగా ఆరకపోతే బూజు పడుతుంది. ఆ ఊళ్లో కార్తీకమాసపు వానలు ఉన్నాయని చెప్పాను గదా! రెక్సిను గుడ్డలోంచి నీళ్లు దిగవు, కాని మడతల దగ్గర పగులుతుంది. ముతక కాన్వాసు మంచిది. అది నూలుతో దట్టంగా నేసిన గుడ్డ. తడిసినప్పుడు నూలుపోగులు ఉబ్బి, మధ్య సందులు మూసుకుంటాయి. దాని మీద మైనం రుద్దితే నీళ్లు తామరాకు మీద బొట్లలాగా జారిపోతాయి.

ఆ అమ్మాయీ వాళ్ల అవ్వా కలిసి మూడు గ్లాసుల మూతులకు మూడు గుడ్డలు కట్టారట: పాత చీర ముక్క, ఉత్త కాన్వాసు, కొవ్వొత్తి రుద్దిన కాన్వాసు. ఒక్కొక్క చెంచా నీళ్లు పోశారు. చీరముక్కలోంచి వెంటనే కారిపోయినాయి. ఉత్త కాన్వాసులోంచి కొంతసేపటికి కాసిని దిగినాయి. మైనం రాసిన దాని మీద తెల్లవారేదాకా నిలిచి ఉన్నాయి! వాళ్ల నాయన పొద్దున్నే లేచి ఆ గ్లాసు వంక చూసి, ఏమీ అనకుండా కాన్వాసు కొనడానికి బయలుదేరాడట.

మూడో ప్రశ్న చూపు గురించి. సంచికి పొందిక ఎక్కడినుంచి వస్తుంది? ముదురు రంగు ఒకటే ఉండాలి. వేలాడే తాళ్లు ఉండకూడదు. లోపల గట్టి అట్ట పెడితే సంచి నిటారుగా నిలుస్తుంది, పుస్తకాల అంచులు మడతపడవు. చక్రం వైపు ఉండే పక్క బురద పడుతుంది, కొక్కేలు కనిపిస్తాయి. దాని మీద బొత్తాములతో ఒక గుడ్డరెక్క కప్పితే, చేత్తో పట్టుకున్నప్పుడు అది మామూలు ఆఫీసు సంచే.

దర్జీ కుట్టి ఇచ్చాడు. అంతా బాగుందనుకున్నారు. మొదటి రోజు ఒక గుంటలో సైకిలు ఎగిరిపడగానే కొక్కేలు ఊడి సంచి రోడ్డు మీద పడింది! అక్క నవ్వుకుని తెచ్చిందట. సైకిలు షాపతను పాత ట్యూబులోంచి ఒక పట్టీ కోసి, సంచి అడుగు నుంచి చక్రం ఇరుసు దగ్గరికి బిగించాడు. రబ్బరు ఎప్పుడూ కిందికి లాగుతూ ఉంటుంది కనుక కొక్కేలు మళ్లీ పైకి లేవలేదు. తరవాతి వానలో కుట్టు దగ్గర ఒక మూల తడి కనిపించింది. గుడ్డలోంచి రాని నీళ్లు సూది చేసిన రంధ్రాలలోంచి వచ్చినాయి. కుట్ల మీద కూడా మైనం రుద్దారు. మూత మీద రెక్కను ఇంకో జానెడు పెంచారు. ఆ తరవాత నీళ్లు రాలేదు. అయినా పరీక్ష కాగితాలను ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి మరీ పెట్టమని రాశాను. పదిమంది కష్టాన్ని మోసేవాళ్లు ఒక్క గోడను నమ్మకూడదు.

సిగ్గు సంగతి కూడా చెప్పాలి గదా! నెల్లూరు జిల్లాలోనే, అలగానిపాడులో, 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో రాజ్యసభ సభ్యులైనారు. కార్లు బారులు తీరిన పార్లమెంటుకు ఆయన సైకిలు మీద పోయేవారు. తరవాత హైదరాబాదులో శాసనసభకూ అలాగే పోయేవారు. ఆయన మర్యాదకు ఏమీ లోటు రాలేదు. ఈ మాట అక్కకు చదివి వినిపించమని రాశాను.

మరి ఆ పిల్లవాడి పది లెక్కలు? ఇది నేను చెప్పిన ఉపాయం కాదు, అక్కకే తోచింది. కాగితాలు ముద్దయిన మర్నాడే ఆమె తరగతిలో నిలబడి, "పొరపాటు నాది. మీ కాగితాలను నేను భద్రంగా తేలేకపోయాను" అని పిల్లలతో చెప్పింది. తరవాత ఆ పిల్లవాణ్ణి నల్లబల్ల దగ్గరికి పిలిచింది. వాడు భయపడుతూ వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. అందరూ చూస్తుండగా పది లెక్కలూ మళ్లీ చేశాడు. ఒకటి తప్పింది. "తొమ్మిది" అని అక్క రిజిస్టరులో వేసింది. వాడు, "కాగితం మీద ఇది కూడా సరిగా చేశాను టీచర్" అన్నాడట. అక్క వాడి వంక చూసి, "చేశావు, నేను చూశాను" అని తొమ్మిదిని పది చేసింది.

మేకపిల్ల ఇంట్లోనే ఉన్నది. దానికి కాన్వాసు రుచి నచ్చి సంచి పట్టీ కొరికిందని నిన్న వచ్చిన ఉత్తరంలో ఉన్నది. దీనికి విరుగుడు ఏమిటో నాకు తోచలేదు. మీకు తోస్తే రాయండి. ఈలోగా మీ బడిసంచి కూడా ఒకసారి తూకం వేయించి, అది ఎన్ని కిలోలు ఉన్నదో అమ్మానాన్నలకు చూపించండి.

మీ
మామయ్య