సంచీకి మూతే ప్రాణం

వర్షాకాలం వచ్చిందంటే గొడుగులు బాగుచేయించుకొంటాం. వడియాల డబ్బాకు మూత బిగిస్తాం. ఉప్పు చెమ్మగిల్లకుండా, పప్పు పురుగు పట్టకుండా జాగ్రత్త పడతాం. తీరా చూస్తే, ఇంట్లో ఎంతో ఖరీదుపెట్టి కొన్న ఫోనుకీ, కెమేరాకీ గొడుగు పట్టడం మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

వెనకటి రోజుల్లో కెమేరా అంటే వీధికొకటి వుంటే గొప్ప. పెళ్ళికీ, సీమంతానికీ స్టూడియో ఆయన నల్లగుడ్డా, మూడుకాళ్ళ పీటా పట్టుకొని వచ్చేవాడు. ఇవాళ ఇంటికి నాలుగు కెమేరాలు. కాకపోతే వాటిని ఫోనులంటున్నాం. మనవడి తొలి అడుగు అందులోనే, బ్యాంకు లెక్క అందులోనే, రైలు టిక్కెట్టు అందులోనే. అది తడిసిందంటే సగం సంసారం తడిసినట్టే. అంచేత ఈ వారం నీళ్ళు చొరని సంచీల గురించి నాలుగు మాటలు చెప్పుకొందాం.

నీళ్ళు చొరని గుడ్డ కోసం మనుషులు చాలా కాలంగా తంటాలు పడుతున్నారు. 1823లో గ్లాస్గో నగరంలో చార్లెస్ మాకింటాష్ అనే ఆయన రబ్బరును నాఫ్తాలో కరిగించి, రెండు గుడ్డల నడుమ పూసి, వానకోటు గుడ్డ తయారు చేశాడు. కెమేరాను నీళ్ళలోకి దించిన మొదటివారిలో లూయీ బూటాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఒకరు. 1893లో బన్యూల్స్ అనే రేవు దగ్గర ఆయన కెమేరాను గట్టి పెట్టెలో బిగించి సముద్రంలోకి తీసుకుపోయి ఫోటోలు తీశాడు. తర్వాత 1960 ప్రాంతంలో ఫ్రాన్సులో కాలిప్సో అనే కెమేరా వచ్చింది. దానికి వేరే పెట్టె అక్కర్లేదు, ఒళ్ళే పెట్టె. 1963లో దాన్నే నికాన్ కంపెనీ నికొనోస్ అనే పేరుతో అమ్మింది.

ఈ గట్టి పెట్టెలతో ఒక చిక్కుంది. ఏ కెమేరాకు కొలిచి చేసిన పెట్టె ఆ కెమేరాకే పడుతుంది. ఒకరి జాకెట్టు మరొకరికి పట్టనట్టు. కెమేరా మారిస్తే పెట్టె మూలపడుతుంది. పైగా ధర కూడా తక్కువ కాదు. అందుకే మెత్తని సంచీ పుట్టింది. జర్మనీలో తయారైన ఈవా మెరీన్ సంచీలు ఈ రకంలో పేరుపడ్డవి. రెండు పొరలు అతికించిన పి.వి.సి. సంచీ, కటకం ఎదురుగా చదునైన మంచి గాజు, లోపలికి చెయ్యి పెట్టి మీట నొక్కడానికి చేతి తొడుగు లాంటి ఏర్పాటు, మూతి దగ్గర రెండు పట్టీలు, వాటిని బిగించే మరలు - అంతే. వీటిలో కొన్ని రకాలు 20 మీటర్ల లోతుదాకా పనికివస్తాయి. ఇవాళ బజారులో ఫోనుల కోసం దొరికే సంచీలు ఈ వంశానికే చిన్న తమ్ముళ్ళు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సంచీ ఎంత మందంగా వున్నా, ఎంత ఖరీదు పెట్టినా, దాని ప్రాణమంతా మూతిలోనే వుంది. ఒంటికి నీళ్ళు పట్టడం అరుదు. మూతిలో ఒక్క తలవెంట్రుక, ఒక్క ఇసుక రేణువు, జేబురుమాలు పోగు ఒక్కటి ఇరుక్కొన్నా చాలు. నీరు పల్లమెరుగునంటారు, ఆ నీటికి పల్లంతోబాటు సూదిబెజ్జం కూడా బాగా తెలుసు.

కొనడానికి వెళ్ళినప్పుడు దుకాణంలో సంభాషణ సాధారణంగా ఇట్లా నడుస్తుంది:

"బాబూ, ఇందులో పెడితే తడవదా?"

"తడవదండీ! నీళ్ళలో ముంచినా ఏమీ కాదు. గ్యారంటీ!"

"గ్యారంటీ సంచీకా, లోపలి ఫోనుకా?"

"అమ్మగారూ... సంచీకేనండీ."

అదీ అసలు మాట. సంచీ కారితే మహా అయితే కొత్త సంచీ ఇస్తారు. ఫోను నష్టం మనదే.

సంచీ మీద ఐ.పి.ఎక్స్. అని, పక్కన ఒక అంకె వేసి వుంటుంది. 4 అంటే చిందిన నీళ్ళకు తట్టుకొంటుంది. 7 అంటే మీటరు లోతులో అరగంట. 8 అంటే అంతకంటె కఠినమైన పరీక్ష. ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారు చేసినవారే చెప్పాలి. అంచేత ఒట్టి 8 చూచి మురిసిపోకండి, కింద లోతు రాసివుందో లేదో చూడండి. ఈ పరీక్షలు కొత్త వస్తువు మీద, కదలని మంచినీళ్ళలో చేస్తారు. మన సముద్రపు అలకు ఆ మర్యాద తెలియదు.

లోతంటే ఏమిటో చిన్న లెక్క చూడండి. మీటరు లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 100 గ్రాముల బరువు పడుతుంది. ఫోను ముఖం 7 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడుగు అనుకొంటే, దానిమీద 10 కిలోల బియ్యం మూట పెట్టినంత ఒత్తిడి. సంచీ పొర ఫోను అద్దానికి అతుక్కుపోతుంది, మీ వేలు ఎక్కడుందో ఫోనుకు తెలియదు. "నీళ్ళలో నొక్కితే పలకడం లేదు, పాడైపోయిందేమో" అని గాభరా పడకండి. నీళ్ళలోకి దిగకముందే వీడియో మొదలుపెట్టి దిగండి, లేదా ధ్వని పెంచే పక్కమీటతో ఫోటో తీసే ఏర్పాటు చేసుకోండి.

సంచీలో గాలి విషయం కూడా చూచుకోవాలి. కొంచెం గాలి వుంటే, చెయ్యి జారినా సంచీ తేలుతుంది. మరీ ఎక్కువ వుంటే బుడగలా వుబ్బి మూతిని లాగుతుంది. ఎండలో గాలి వేడెక్కి మరింత వుబ్బుతుంది. 10 మీటర్ల లోతుకు పోతే అదే గాలి సగానికి నొక్కుకుపోతుంది, తేలుతుందనుకొన్నది మునుగుతుంది. కెమేరా బరువైతే గాలి మీద ఆశ పెట్టుకోక, తాడు మణికట్టుకు తగిలించుకోవడమే మేలు.

సరే, సంచీ కొన్నారు. అందులో వెంటనే ఫోను పెట్టకండి. సైకిలు పంక్చరు వేసే అబ్బాయిని ఎప్పుడైనా గమనించారా? ట్యూబులో గాలికొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తాయో చూస్తాడు. మనం చేయవలసిందీ అదే. సంచీలో గాలి వుంచి మూతి బిగించండి. బకెట్టులో ముంచి నాలుగువైపులా మెల్లిగా నొక్కండి. బుడగలు రాకపోతే సగం పరీక్ష నెగ్గినట్టు.

రెండో సగం ఇది. సంచీలో మడిచిన మెత్తని కాగితం, మునిగేందుకు ఒక నున్నని గులకరాయి పెట్టండి. మూతి బిగించి అరగంటసేపు బకెట్టు అడుగున వుంచండి. తర్వాత తీసి, పైభాగం, ముఖ్యంగా మూతి చుట్టూ, పొడిగుడ్డతో తుడిచి అప్పుడు తెరవండి. కాగితం పెళపెళలాడుతూ వుంటే నమ్మవచ్చు. ఒక మూల మెత్తబడినా సరే, ఆ సంచీని దువ్వెన, సబ్బు పెట్టుకోవడానికి వాడుకోండి. ఈ పరీక్ష కొన్నరోజున చేస్తే చాలదు, ప్రతి ప్రయాణానికి ముందూ చేయాలి. మడత పడిన చోటే పి.వి.సి. ముందు చిట్లుతుంది.

వాడేటప్పుడు కూడా కొన్ని నియమాలున్నాయి. పొడిచేతులతోనే సంచీ తెరవాలి, మూయాలి. మూసే ముందు మూతిని వేలితో తడిమి చూడాలి. ఇసుకలో కూర్చొని ఎన్నడూ తెరవకూడదు. విశాఖపట్నం బీచిలో అమ్మాయి "ఒక్క ఫోటో తీసి ఇస్తాను నాన్నా!" అని తడిచేత్తో అక్కడికక్కడే సంచీ విప్పడం చూస్తూనే వుంటాం. తీసిన ఫోటో ఒకటే. లోపలికి పోయిన ఉప్పునీటి చుక్కలు నాలుగు. ఉప్పునీరు ఆరిపోయినా ఉప్పు పోదు. అది గాలిలో చెమ్మను పీల్చుకొంటూ లోపలి లోహాన్ని తింటూనే వుంటుంది. అందుకే సముద్రం నుంచి రాగానే, సంచీని మూతి తీయకుండానే మంచినీళ్ళలో కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టాలి.

ఒక్కొక్కప్పుడు సంచీలో చుక్క నీరు చొరకపోయినా లోపల మంచు పట్టినట్టు మసకేస్తుంది. ఇది కారడం కాదు. ఒడ్డున వేడి, చెమ్మ గాలిని లోపల మూసి చల్లనీళ్ళలో దింపితే, ఆ గాలిలోని తేమే గాజుకు పడుతుంది. చెంబులో చల్లనీళ్ళు పోస్తే బయట చెమర్చినట్టే. బయలుదేరే ముందు, తేమలేని గదిలోనే సంచీ మూసి, అందులో ఒక సిలికాజెల్ పొట్లం వేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తుందే, ఆ చిన్న పొట్లమే. పసిపిల్లలకు మాత్రం అందనివ్వకండి. ఇంటికి రాగానే కెమేరాను సంచీలోంచి తీసివేయాలి. మూసిన సంచీలో వారాల తరబడి వుంచితే, మన కోస్తా గాలికి కటకం మీద బూజు పడుతుంది.

విలువైన వస్తువులంటే కెమేరాలే కాదు. తాతగారి చెవి మిషను, కారు తాళం, రక్తపుపోటు మాత్రలు - ఇవన్నీ నీటికి ఓర్వనివే. పుష్కర స్నానానికి పోయేటప్పుడు వీటికి ఒక చిన్న సంచీ వేరే వుండాలి. బంగారానికి నీటి భయం లేదు, జారిపోతుందనే భయమే. గొలుసును సంచీలో పెట్టి, సంచీని గట్టున వదిలి మునిగితే, తడవకుండానే పోతుంది. 2027 గోదావరి పుష్కరాలకు వెళ్ళేవారు నగలు ఇంట్లో భద్రం చేసి వెళ్ళడమే ఉత్తమం.

ఇంట్లో మరో నిధి వుంది: కాగితాలు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో వుంది. అట్లాంటి వేళ టీవీనీ, మంచాన్నీ మళ్ళీ కొనుక్కోవచ్చు. పొలం దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, అమ్మానాన్నల పెళ్ళిఫోటో బజారులో దొరకవు. వీటిని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును మూతి చుట్టి బిగించే గట్టి సంచీలో పెట్టండి. మూతిని మూడుసార్లు మడిచి కొక్కెం వేయాలి. అయితే ఈ చుట్టు మూతి సంచీ వాననూ, చిందునూ, కాసేపటి మునకనూ తట్టుకొంటుందే గాని, రోజుల తరబడి మునిగి వుండడానికి పనికిరాదు. అందుకని దాని చోటు బీరువా అడుగు అర కాదు, అటక. లేవమంటే చేతపట్టుకొని లేచేటట్టుండాలి. 2015 నుంచి వున్న డిజిలాకరులో వచ్చే సర్టిఫికెట్లను కూడా అందులో చేర్చుకొంటే మరో ధైర్యం.

ఇన్ని చేసినా తడిస్తే? ఫోనును వెంటనే ఆపివేయండి. పనిచేస్తోందా అని నొక్కి చూడకండి, ఛార్జింగు పెట్టకండి. తీగె గుచ్చే రంధ్రం కిందికి వుండేటట్టు పట్టుకొని మెల్లిగా తట్టి, గాలి తగిలే చోట వుంచండి. బియ్యం డబ్బాలో పూడ్చడం మన ఇళ్ళలో ప్రసిద్ధ వైద్యం. కాని ఆపిల్ కంపెనీవారే అది వద్దంటున్నారు. సన్నని నూకలు లోపల చేరి కొత్త చిక్కు తెస్తాయని. జుట్టు ఆరబెట్టే మిషను కూడా వద్దు. సముద్రంలో పడిన కెమేరాకు బ్యాటరీ, కార్డు తీసివేసి, ఆలస్యం చేయక మరమ్మతుకు తీసుకుపోవాలి. కెమేరా పోయినా కార్డులోని ఫోటోలు చాలాసార్లు దక్కుతాయి.

తడిసిన ఆల్బం ఫోటోలను అతుక్కుపోయి ఎండనివ్వకూడదు. తడిగా వుండగానే ఒకదాని నుంచి ఒకటి మెల్లిగా విడదీసి, బురదవుంటే చల్లని మంచినీళ్ళలో జాడించి, బొమ్మవైపు పైకి వుంచి, నీడలో తెల్లకాగితం మీద ఆరబెట్టండి. వార్తాపత్రిక మీద వేస్తే దాని సిరా ఫోటోకు అంటుతుంది.

చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకొనే బదులు, ఈ ఆదివారం ఒక అరగంట పిల్లలను కూర్చోబెట్టి బకెట్టు పరీక్ష చేయండి. కాగితం తడిసిందో లేదో ముందు ఎవరు చెబుతారా అని వాళ్ళే పోటీ పడతారు. పొడిగా వస్తే వచ్చే ప్రయాణానికి సంచీ సిద్ధం. తడిస్తే, పోయింది ఒక కాగితం ముక్కేగదా!