బందూకులు పేలని రాత్రి

2020 జూన్ 16, మంగళవారం. లాక్‌డౌన్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని నేను దౌల్తాబాద్‌లోనే ఉన్నాను. ఇంట్లో సిగ్నల్ దొరకదు. అందుకే మిద్దె మీద వేపకొమ్మ నీడన లాప్‌టాప్ పెట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం వార్త వచ్చింది: గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ, ఒక అధికారి, ఇద్దరు జవాన్ల మృతి. ఆ అధికారి మన సూర్యాపేట బిడ్డ, కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్. రాత్రికి లెక్క 20కి చేరింది.

నాయిన కంది విత్తనాలు చూసుకుంటూ అడిగిండు: "తుపాకులుండంగ రాళ్లతోని, కట్టెలతోని కొట్లాడుడేందిరా?"

నాకూ తెలియదు. వెతికి చదివి చెప్పాను. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. మనవాళ్ల దగ్గర ఆయుధాలున్నాయి, వాడలేదు. అవతలివాళ్లు మేకులు కొట్టిన కర్రలతో వచ్చారు. తీవ్రంగా గాయపడ్డ 17 మంది సున్నా కంటే తక్కువ చలిలో ప్రాణం విడిచారని సైన్యమే చెప్పింది. నాయిన చాలాసేపు ఏమీ అనలేదు.

సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి ఎన్‌డీఏకి వెళ్లారు. సైన్యంలో చేరాలన్నది మొదట ఆయన తండ్రి కోరిక. తనకు కుదరక కొడుకులో చూసుకున్నారట. 37 ఏళ్లకే ఒక బెటాలియన్‌ను నడిపించారు. జూన్ 18న సూర్యాపేట దగ్గరి కేసారంలో, సొంత పొలంలోనే అంత్యక్రియలు చేశారు. రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. మిగతా 19 కుటుంబాలకు కూడా పది లక్షల చొప్పున ప్రకటించింది. ఆ సంగతి మనలో ఎందరికి గుర్తుందో! 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మహావీర్ చక్రను అందుకున్నది ఆయన తల్లి, భార్య.

మరి నేనేం చేశాను? స్టేటస్‌లో జెండా పెట్టాను. నెలాఖరుకు ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధిస్తే, మా ఆఫీసు గ్రూపులో అందరం జబ్బలు చరుచుకున్నాం. ఆ మెసేజ్ కొట్టిన నా ఫోను కూడా చైనాదే, అది వేరే విషయం. నెల తిరిగేసరికి నా గోలంతా నెట్‌వర్క్ గురించే.

పోయినేడు పెండ్లికి సూర్యాపేట పోయినప్పుడు నాయిన చౌరస్తాలో కారు ఆపమన్నాడు. విగ్రహం కింద నిలబడి, కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మన పెద్దోని ఈడే గదరా," అన్నాడు.

మా అన్నకు అప్పుడే 37 నిండాయి. కారులో వెనక సీట్లో పిల్లలతో కొట్లాడుతున్నాడు. నాయిన వచ్చి వాడి పక్కనే కూర్చున్నాడు.