సూరత్ విమానాశ్రయం: హోదా సరే, సేవల మాటేమిటి?

వస్త్ర, వజ్ర వ్యాపారాలకు పేరెన్నికగన్న సూరత్‌లోని విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా కల్పిస్తూ కేంద్ర మంత్రివర్గం 2023 డిసెంబర్ 15న ఆమోదముద్ర వేసింది. రెండు రోజుల అనంతరం ప్రధాని నరేంద్ర మోడీ అక్కడి కొత్త టెర్మినల్‌ను, అదే రోజున సూరత్ వజ్రాల బౌర్స్‌ను ప్రారంభించారు. రద్దీ వేళల్లో 1,200 మంది దేశీయ, 600 మంది అంతర్జాతీయ ప్రయాణికులకు సరిపడే విధంగా ఈ టెర్మినల్‌ను నిర్మించారు. వార్షిక సామర్థ్యం 55 లక్షలకు పెరుగుతుందని ప్రభుత్వం ప్రకటించింది.

అయితే హోదా లభించినంత మాత్రాన విమానాలు వాటంతట అవే వచ్చి వాలవు. సూరత్ నుంచి షార్జాకు 2019 ఫిబ్రవరిలోనే, అంటే హోదా రావడానికి నాలుగేళ్లకు పైగా ముందే, విమానం నడిచిందన్నది గమనార్హం. విదేశీ సంస్థలు మన దేశంలో ఏయే నగరాలకు విమానాలు నడపవచ్చునో నిర్ణయించేది ఆయా దేశాలతో కుదిరిన ద్వైపాక్షిక ఒప్పందాలే గాని, విమానాశ్రయం హోదా కాదు. ముంబయి వెళ్లే అవసరం లేకుండా విదేశీ వజ్రాల కొనుగోలుదారులు నేరుగా సూరత్‌లో దిగాలన్న బౌర్స్ ఆశయం నెరవేరాలంటే ఈ ముడి వీడవలసిందే.

రన్‌వేది మరో సమస్య. దాని పొడవు 2,905 మీటర్లు. కానీ వేసు ప్రాంతంలో లేచిన ఎత్తయిన భవనాలు అడ్డు కావడంతో, ఆ దిశ నుంచి దిగే విమానాలకు పూర్తి పొడవు అక్కరకు రాలేదు. వివాదం గుజరాత్ హైకోర్టు దాకా వెళ్లింది. ముందుచూపు లేని పట్టణ నిర్మాణానికి ఇంతకంటే నిదర్శనం వేరే అక్కరలేదు.

ఈ అనుభవం తెలుగువారికి కొత్తదేమీ కాదు. విజయవాడ విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా దక్కింది. 2018 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఆర్థిక సహాయంతో మొదలైన సింగపూర్ విమానం మరుసటి ఏడాదే నిలిచిపోయింది. షార్జా విమానం ఆరంభమయ్యేసరికి 2022 అక్టోబర్ వచ్చింది.

ఇక సామాన్యుని సంగతి. తపతీ నదికి ఉత్తరపు ఒడ్డున మరమగ్గాల మోతతో నిండిన పేట అమ్రోలి. విమానాశ్రయం ఉన్నది నగరానికి నైరుతి కొసన, డుమస్ మార్గంలో. సర్తానా నుంచి డ్రీమ్ సిటీకి, భేసాన్ నుంచి సరోలికి తలపెట్టిన రెండు మెట్రో మార్గాలలో ఏదీ విమానాశ్రయం గుమ్మం వరకు చేరదు. ఒడిశా నుంచి వచ్చిన మగ్గం కార్మికునికైనా, తెలంగాణ నుంచి దశాబ్దాల క్రితమే సూరత్‌కు వలస వెళ్లిన నేత కుటుంబానికైనా స్వగ్రామానికి దారి రైలే. వరంగల్, విజయవాడల మీదుగా సాగే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు దొరకడమే వారికి పెద్ద ఊరట.

అంతర్జాతీయ విమానాశ్రయం వ్యాపారానికి అవసరమే. దానిని కాదనేవారు లేరు. కానీ ఆ వ్యాపారాన్ని నిలబెట్టిన చేతులకు రైళ్లలో చోటు, నగరంలో రవాణా సౌకర్యం కల్పించడం కూడా అంతే అవసరమని పాలకులు గుర్తించాలి. ద్వైపాక్షిక ఒప్పందాలలో సూరత్‌కు తగిన స్థానం, రన్‌వేకు అడ్డులేని ఆకాశం, కార్మికులకు చాలినన్ని రైళ్లు సమకూరిన నాడే ఈ హోదాకు సార్థకత చేకూరుతుంది. లేనిపక్షంలో అది గోడకు తగిలించిన కొత్త నామఫలకంగానే మిగిలిపోతుంది.